ఇప్పనూనె లాభాలు

సీసాకి అంటించే చీటీ నాలుగు వేళ్ల వెడల్పు.
"పార్వతీపురం సంతకి పంపాల.
లాభాలన్నీ తెలుగులో రాసియ్యి" అంది సుంబారి.
పుట్టసింగి కొండమీద వాళ్ల సంఘం మిషను కొన్నాక
ఆడిన మొదటి నూనె.
గుణుపురంలో గుండ్రంగా రాసేదాన్ని నేనొక్కర్తినేనట.
అసిరయ్య కొట్లో పద్దులు దిద్దిన చెయ్యి కదా మరి.

రాయడం మొదలెట్టాను.

మడమల పగుళ్లకి. మోకాళ్లకి.
పురిటిబిడ్డ వెన్నుకి.
కాడి ఒరుసుకున్న ఎద్దు మెడకి.
దీపానికి.
తిరగమోతకి, ఉప్పుకల్లు వేసి కాస్తే చేదు విరుగుతుందని
సుంబారి తల్లి మాట.
పిండి కూడా పారెయ్యక్కర్లేదు:
నారుమడిలో పురుక్కి, వాగులో చేపలకి మత్తుకి,
కుంపట్లో వేస్తే ఆ పొగకి పాము గడప తొక్కదట.

చీటీ నిండిపోయింది.
నాకు బాగా తెలిసిన లాభం మాత్రం ఇంకా రాయనే లేదు.

ఆషాఢం ముసుర్లో వాళ్లు దిగొచ్చేవారు
తలమీద గంపలతో.
రాయిమీద రాయి పెట్టి రాత్రంతా
పెంకు కొట్టి ఒలిచిన గింజలు.
మా అరుగుమీద రెండు మానికలు పోస్తే
మా నాన్న ఒక మానిక ఉప్పు కొలిచేవాడు.
పుచ్చుకునే మానిక వేరు, ఇచ్చే మానిక వేరు.
ఇచ్చే మానిక అడుగున బొటనవేలు మందాన మైనం.
ఆ మైనం అద్దేది నేనే.
పదేళ్లదాన్ని, చిన్న వేళ్లు
మూలల్లోకి బాగా పోతాయని.

పుష్యమాసం చలికి
ఆ నూనె నెయ్యిలాగే పేరుకునేది.
కరివేపాకు వేసి కాచి వాసన చంపి
నేతి డబ్బాలో మూడోవంతు కలిపేవాడు.
పెళ్లిళ్లకి వెళ్లింది, తద్దినాలకి వెళ్లింది.
"నెయ్యంటే అసిరయ్యదే" అనేవారు అగ్రహారంలో.
మా మేడ, నా మెళ్లో నానుతాడు,
నా ఎనిమిదో తరగతి,
ఈ గుండ్రటి అక్షరాలు,
అన్నీ ఇప్పనూనె లాభాలే.

చీటీ కింద మెత్తగా ఉంటుందని
పాత పద్దుపుస్తకం పెట్టుకున్నాను, వేరే ఉద్దేశమేం లేదు.
వాసన చూద్దామని మూత తిప్పానో లేదో
ఒక బొట్టు జారి చీటీమీద పడింది.
తడిసినంత మేర కాగితం అద్దమైంది.
అడుగునుంచి మా నాన్న అంకెలు తేలాయి:
సుక్కురు సబర. గిం. ౨. ఉ. ౧.

"మా అయ్య పేరా అది?" అంది సుంబారి.
ఒడియా తప్ప చదవదు, ఎలా పసిగట్టిందో.
చెప్పాను. మైనం సంగతి కూడా.
మధ్యలో ఒకసారి లేచి మంచినీళ్లు తాగాను.

ఆమె కాసేపు ఈగల్ని తోలింది.
"మాకు తెల్దేటి?
మా యమ్మ గింజల్లో గులకరాళ్లు కలిపీది.
అయినా ప్రెతి ఏడూ మీరే గెలిసీవోరు."
నవ్వుదామనుకున్నాను. ఆమె నవ్వలేదు.
"ఈ చీటీ పాడైపోనాది. ఇంకోటి రాయి.
లాభాలు కొన్నోలికే తెలస్తాయి.
తూకం పెద్దచ్చరాల్తో రాయి."

రాశాను.
ఇప్పనూనె. పుట్టసింగి.
రెండు వందల గ్రాములు.

ఖాళీ సీసా ఒక తట్టలో, నిండు సీసా ఒక తట్టలో,
ఖాళీ సీసా పక్కన రెండు వందల రాయి.
మా కొట్టు కాటా. దాన్ని వంగి కింద నుంచి కూడా చూసింది,
వేలితో తడిమి.
చూడనిచ్చాను.

ముల్లు ఊగి ఊగి నూనె వైపే కాస్త ఒరిగి ఆగింది.
మూత తీసి ఒక చెంచా తగ్గించబోయాను.

నా మణికట్టు పట్టుకుంది, జిడ్డుచేత్తోనే.
"మొగ్గు" అంది. "ఉండనీ."